దించేటప్పుడు ఎనిమిది

1958 నవంబరు 9

నా శిష్యుడు జగన్నాథం కొలతలు రాయడానికి నేను కొన్న పుస్తకం ఇది. ఏ వారం జబ్బ ఎంత, ఛాతీ ఎంత, ఎన్ని పౌన్లు ఎత్తాడు, అంతవరకే. నా గోడు రాసుకోవడానికి కాదు. కాని ఇవాళ తాలింఖానాలో, అదే నా కసరత్తు షెడ్డులో, ఒకటి చూశాను. ఎవరితో అన్నా పలచనైపోతాను కనక ఇక్కడ పెడుతున్నాను.

పదకొండేళ్ళుగా జగ్గయ్యపేటలో నా షెడ్డులో లెక్క ఒకటే. నేను చేతులు చరుస్తాను. మొదటి చరుపుకి బరువు తల మీదికి పోవాలి, రెండో చరుపుకి కింద ఉండాలి. ఇవాళ జగన్నాథం నూట ఎనభై పౌన్లు ఎత్తాడు. పైకి నా చరుపుకే పోయింది. రెండోసారి చరిచాను. కడ్డీ దిగదే! మొహం దగ్గర కాసేపు, ఛాతీ దగ్గర కాసేపు, నిండు నేతిగిన్నె దించినట్టు దించాడు.

"ఏంట్రా, నిద్దరొచ్చింది నీకా, కడ్డీకా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వి, "చెయ్యి పట్టేసిందండి వస్తాదు గారూ" అన్నాడు.

చెయ్యి పట్టేసినవాడు ధబీమని వదిలేస్తాడు. అంత నిదానంగా దించాలంటే చెయ్యి భేషుగ్గా ఉండాలి. నాకు చెబుతున్నాడు!

నవంబరు 16

జబ్బ పద్నాలుగున్నర అంగుళాలు. దసరాకి పద్నాలుగే. టేపు రెండుసార్లు పెట్టి చూశాను. నా దగ్గర నాలుగేళ్ళుగా చేస్తున్నాడు. ఏడాదికి పావంగుళం పెరిగితే అదే గొప్ప. బరువు పెంచలేదు, తిండి మారలేదు. మారిందల్లా దించడం.

సంతోషించాలి. సంతోషించాను. ఎలా వచ్చిందా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

వాడిది పెనుగంచిప్రోలు. నాలుగెకరాలకి నలుగురు అన్నదమ్ములు కావడంతో వచ్చి బస్సు కండక్టరు అయ్యాడు. పొద్దున నా దగ్గర కసరత్తు చేసి డ్యూటీకి పోతాడు. ఆ బస్సు ఒంటిగంటకి నందిగామ చేరి మూడింటికిగాని కదలదు. ఆ రెండు గంటలూ ఏం చేస్తావురా అని అడిగాను. "అన్నం తిని పడుకుంటానండి" అన్నాడు. మంచి సమాధానమే. మరీ తొందరగా చెప్పాడు.

నందిగామలో కొత్తగా ఒక డ్రిల్లు మాస్టారు దిగాడు. జీవరత్నమట. మద్రాసులో ట్రైనింగు అయ్యాడట. బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం చంకలో పెట్టుకుని, బరువు నిదానంగా దించితేనే కండ పడుతుందని పిల్లలకి చెబుతున్నాడట. కొత్తగా వచ్చినవాడికి తయారైన శిష్యుడొకడు కావాలి. నాలుగేళ్ళు నేను మేపితే, బెజవాడ పోటీలో తన పేరు చెప్పించుకోవచ్చు.

నాకు అనుమానం లేదు. ఊరికే రాసుకుంటున్నాను.

నందిగామలో ఆ మాట చెప్పిన మొదటివాడు జీవరత్నం కాదు. ఆ సంగతి ఇక్కడ రాయను.

నవంబరు 17

రాయనన్నాను. రాయను.

నవంబరు 30

జగన్నాథం చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. పక్కనుంచి వెళ్తుంటే వాసన వచ్చింది. నారాయణ తైలం. కండలకి మర్దన చేసే తైలం. నా దగ్గర ఆముదం తప్ప ఇంకోటి వాడనివ్వను. అంటే ఎవరో వాడిని పడుకోబెట్టి మరీ మర్దన చేస్తున్నారు. సీసా అయిదు రూపాయల తైలం ఊరికే ఎవరు పోస్తారు?

నా పత్తి కొట్టుకి బండి తోలుకొచ్చిన చందర్లపాడు మనిషి ఇంకో మాట చెప్పాడు. దశరథరామయ్య గారికి శ్రావణ మాసంలో కాలూ చెయ్యీ పడిపోయిందట. నందిగామలో మంచం మీద ఉన్నారట. "మీ గురువుగారేగా, చూసొచ్చారా?" అన్నాడు. పత్తి తడిగా ఉందని వాడిమీద కేకలేసి పంపించాను.

గురువే. కాదన్నదెవరు? పన్నెండో ఏట నన్ను చేరదీశాడు. ఆయన పద్ధతి నాలుగంకెల్లో ఎత్తాలి, ఎనిమిదంకెల్లో దించాలి. ఆ అంకెలన్నీ అయ్యేసరికి పక్క ఊరివాళ్ళు పది బరువులు ఎత్తేసేవాళ్ళు. నలభై ఏడులో నందిగామ పందెంలో నాకు విసుగొచ్చింది. ఒక్క ఊపున పైకి విసిరి, అందరూ చూస్తుండగా కింద పడేశాను. గెలిచాను. గెలిచి ఊరుకున్నానా? "ఆ అంకెలు ముసలాళ్ళు జపం చేసుకోడానికి పనికొస్తాయి" అన్నాను, ఆయన ఎదురుగానే. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయనకి ఈర్ష్య అని నేననుకున్నాను.

ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

డిసెంబరు 8

జగన్నాథం దించేటప్పుడు పెదాలు కదుపుతున్నాడు. ఇవాళ కడ్డీకి చక్రాలు తగిలిస్తున్నట్టు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాను. "లాభం, రెండు, మూడు, నాలుగు..."

ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. దశరథరామయ్య గారు ధాన్యం కొలిచి బతికిన మనిషి. కసరత్తులోనూ ఆయన లెక్క లాభంతోనే మొదలయ్యేది.

అయితే ఏం? ఈ పేటలో సగం కొట్లలో అలాగే కొలుస్తారు. ఆ జీవరత్నం ఎక్కడో విని నేర్చుకుని ఉంటాడు. పల్లెటూరి పిల్లల్ని లోబరుచుకోవాలంటే పల్లెటూరి మాటలే వాడాలి. తెలివైనవాడు.

డిసెంబరు 21

జబ్బ పద్నాలుగూ ముప్పావు. వాడి మెడ వెనక గోళ్ళ గాట్లున్నాయి. నాలుగు, వరసగా. పాతవి ఎండిన చోటే కొత్తవి.

కుస్తీ పట్టు అది. బరువులతో ఆగకుండా కుస్తీ కూడా నేర్పుతున్నాడన్నమాట.

అన్నం తింటూ రాఘవమ్మతో అన్నాను. మా ఆవిడ మజ్జిగ పోస్తూ, "కుస్తీ లేదు, గిస్తీ లేదు. అది ఆడపిల్ల గోరండీ. పెళ్ళీడు కుర్రాడు, నందిగామలో రెండు గంటలు. మీకు అన్నీ ఇనుములాగే కనపడతాయి" అంది. అని నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్ళింది.

అందులో అంత నవ్వేముందో అర్థం కాలేదు.

1959 జనవరి 4

బెజవాడ నుంచి ఫారం వచ్చింది. జిల్లా బరువుల పోటీ ఫిబ్రవరి 22న. పోయినేడు రెండొందల పౌన్లకి మొదటి బహుమతి. జగన్నాథం ఇప్పుడే నూట తొంభై ఎత్తుతున్నాడు. మా షెడ్డునుంచి ఇంతవరకు ఎవడూ జిల్లా పోటీ దాకా పోలేదు. ఫారం మీద గురువు సంతకం ఉండాలి. ఫిబ్రవరి 14 లోగా చేర్చాలి.

ఫారం చూసి వాడి మొహం వెలిగిపోయింది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు ఆరిపోయింది. "అక్కడ ఎన్ని రోజులుండాలండి?" అన్నాడు. మూడు రోజులన్నాను. తల గోక్కున్నాడు.

ఎవరినో అడిగి చెబుతాడన్నమాట.

జనవరి 11

జీవరత్నాన్ని చూశాను. బస్టాండులో సోడా తాగుతున్నాడు. సన్నగా, పీలగా, కళ్ళజోడుతో, చంకలో ఆ బొమ్మల పుస్తకంతో. నేనే వెళ్ళి పలకరించాను. "జగన్నాథమని మా కుర్రాడు, మీకు తెలుసటగా?" అన్నాను, వాడే చెప్పినట్టు.

"కండక్టరే కదండీ, రోజూ చూస్తుంటా. టిక్కెట్టుకి చిల్లర సరిగ్గా ఇస్తాడు" అన్నాడు.

చూశారా ఎంత పకడ్బందీగా ఉన్నాడో! ఇంకో మనిషైతే కొంచెం తడబడేవాడు. తెలియనివాడిలా మాట్లాడటం తెలిసినవాడికే వస్తుంది.

జనవరి 26

నా పాత పంచెలు మూడు కనపడటం లేదు. బాగా మెత్తబడ్డవి. రాఘవమ్మని అడిగితే, "చీకిపోయినవి, మీకెందుకు ఇప్పుడు?" అంది. ఎందుకో కాదు. ఎక్కడికి పోయాయని.

ఈ మధ్య ఇంట్లో కూడా ఎవరూ నిజం చెప్పడం లేదు.

ఫిబ్రవరి 5

అడిగేశాను. అందరూ వెళ్ళాక వాడినొక్కడినే ఆపి, "నందిగామలో ఎవరి దగ్గరికి పోతున్నావు?" అన్నాను.

నేల చూశాడు. "చెప్పకూడదండి."

"ఎవరు వద్దన్నారు?"

"వాళ్ళేనండి."

"ఆ దించడం వాళ్ళు నేర్పిందేనా?"

వాడు ఆలోచించి, "నేర్పారనలేను, అలవాటైంది" అన్నాడు. అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదు వెధవకి. ఆ తల వంచుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళు! నా ఇంట్లో గుడ్లూ పాలూ. వాడికి జ్వరమొస్తే రాఘవమ్మ రెండు రోజులు తల దగ్గర కూర్చుంది.

"అయితే సంతకం కూడా వాళ్ళతోనే పెట్టించుకో" అన్నాను. వాడు షెడ్డు ఊడ్చి, చీపురు మూలన పెట్టి వెళ్ళిపోయాడు.

ఫారం ఈ పుస్తకంలోనే ఉంది. సంతకం లేకుండా.

ఫిబ్రవరి 6

రాలేదు.

ఫిబ్రవరి 9

రాలేదు. నేను చేతులు చరుస్తుంటే మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు.

ఫిబ్రవరి 12

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి. నా గురించి కూడా.

వాడి బస్సు కాకుండా ముందు బస్సులో నందిగామ వెళ్ళాను. బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చున్నాను. ఒంటిగంటకి వాడు దిగాడు, టిక్కెట్ల సంచి డ్రైవరుకిచ్చాడు, అన్నం తినకుండానే నడిచాడు. వెనకాలే వెళ్ళాను. బడివైపు తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు. గాంధీచౌకు దాటి, నూనె గానుగ పక్క సందులోకి వెళ్ళాడు.

ఆ సందు నాకు తెలుసు. పన్నెండేళ్ళ వయసునుంచి తెలుసు. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. ఆ సందులోనే జీవరత్నం కూడా అద్దెకుంటాడేమో చూద్దామని ముందుకి నడిచాను. అప్పటికి కూడా అలాగే అనుకున్నాను, ఏం చెప్పను!

తలుపు తీసే ఉంది. దశరథరామయ్య గారు బల్ల మీద కూర్చుని ఉన్నారు, స్నానం చేయించినట్టున్నారు. అంత మనిషీ సగమయ్యాడు. ఆయన భార్య సౌభాగ్యమ్మ గారు మంచం మీద పక్క సర్దుతోంది. పరిచినవి నా పంచెలు. జగన్నాథం వంగి ఆయన వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేశాడు. ఆయన బాగున్న చేత్తో వాడి మెడ పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి. ఒక్క ఊపున ఎత్తాడు, అచ్చం నా చరుపుకి ఎత్తినట్టు. తరవాత మంచం మీదికి దించడం మొదలుపెట్టాడు. ముసలాయన ముద్దముద్దగా, "లాభం... రెండు... మూడు..." అంటున్నాడు. వాడి జబ్బలు బిగిసి, నరాలు తేలి, వేలు వేలుగా దిగుతున్నాయి. ఎనిమిది అనేసరికి వీపు పక్క మీద ఆనింది. ఆయన మొహంలో నొప్పి జాడ లేదు.

నన్ను ముందు చూసింది సౌభాగ్యమ్మ గారు. "రత్తయ్యా? నువ్వా నాయనా?" అంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడే చెప్పింది. ఆయన వీపంతా పుళ్ళు. పొద్దున పక్కింటి నలుగురూ దుప్పటితో ఎత్తుతారు. నలుగురూ నాలుగు రకాలుగా దించుతారు, పుళ్ళు చిట్లి ఆయన ఏడుస్తాడు. ఆవిడ తైలం కోసం పేటకి బస్సులో వస్తూ ఒకరోజు కండక్టరుతో ఈ గోడు చెప్పుకుందట. మర్నాటినుంచి ఆదివారమని చూడకుండా వాడు వస్తున్నాడు. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది దశరథరామయ్య గారే.

"రత్తయ్యకి తెలిస్తే నిన్ను రానివ్వడురా అని వీడితో అన్నాను" అన్నారాయన. ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పారు. "తప్పా?"

తప్పు కాదు. రానిచ్చేవాణ్ణి కాదు.

ఫిబ్రవరి 13

రాఘవమ్మకి మొదటినుంచీ తెలుసు. పంచెలు పంపింది తనే. "నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?" అన్నాను.

"మీరు అడిగితే చెప్పేదాన్ని. అనుమానపడ్డారుగాని, ఒక్కసారైనా అడిగారా ఆయన ఎలా ఉన్నాడని?" అంది.

ఫారం నింపాను. గురువు పేరు అన్నచోట దశరథరామయ్య గారి పేరు రాసి, దాని కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. రేపు నేనే బెజవాడ తీసుకెళ్ళి ఇస్తాను. నమ్మి పోస్టులో వెయ్యలేను.

ఫిబ్రవరి 15

ఫారం తీసుకున్నారు. సంతోషంగా నందిగామ వెళ్ళి చెబితే జగన్నాథం చేతులు కట్టుకుని, "నేను రానండి" అన్నాడు.

"ఇంకా కోపమా?"

"కోపం కాదండి. మూడు రోజులు ఈయన్ని ఎవరు దించుతారు?"

దాంతో వాడు జనవరిలో తల ఎందుకు గోక్కున్నాడో తెలిసింది. ఇంకో మాట లేకుండా పంచె ఎగ్గట్టి, "నేను" అన్నాను.

ఎత్తాను. ఎత్తడంలో నన్ను కొట్టేవాడు లేడు. దించబోయాను. లాభం, రెండు, మూడు. నాలుగుకి మోచేతులు వణికాయి. అయిదుకి చేతుల్లో ఏమీ లేనట్టయింది. ఆయన జానెడు ఎత్తునుంచి మంచం మీద పడ్డారు. ఆ కేక విన్నాను. పదకొండేళ్ళుగా నేను బరువులు కింద పారేయించాను. దించడానికి వేరే బలం కావాలని నాకు ఎవరూ చెప్పలేదని కాదు. చెప్పినాయన నా చేతులకిందే మూలుగుతున్నాడు.

"ఇంకా వారం ఉందండి" అన్నాడు జగన్నాథం, నాతో కాకుండా గోడతో అన్నట్టు.

ఫిబ్రవరి 16

పత్తిగింజల బస్తా. నూట పాతిక పౌన్లు. బల్ల మీంచి ఎత్తడం, నేలకి దించడం. పదిసార్లు. నాలుగు దాటలేదు.

ఫిబ్రవరి 17

నిన్న ఏమీ తెలియలేదు. ఇవాళ చొక్కా వేసుకోలేకపోయాను. రాఘవమ్మ అన్నం కలిపి పెట్టింది. ఎన్ని వేల బరువులు ఎత్తినా ఇలాంటి నొప్పి నాకు రాలేదు. నలభై ఒకటో ఏట నా ఒంట్లో నాకే తెలియని కండలు బయటపడ్డాయి. ఆయన తైలం నాకూ కాస్త పంపారు. సిగ్గుపడుతూ రాసుకున్నాను.

ఫిబ్రవరి 19

అయిదు. ఒకసారి ఆరు. జగన్నాథం పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు. తొందరపడితే, "ఆగండి, ఆగండి, ఇంకా మూడే" అంటున్నాడు. నాలుగేళ్ళు నేను వాడిమీద వేసిన కేకలు వాడు ఒక్కటి కూడా తిరిగి వెయ్యలేదు.

ఫిబ్రవరి 20

బస్తాతో ఎనిమిది. రెండుసార్లు.

బస్తాకి పుళ్ళుండవు.

ఫిబ్రవరి 21

ఇవాళ్టికి గురువుగారిని తనే దించి వచ్చాక వాడిని బస్సెక్కించాను. మొదటిసారి బెజవాడ పోటీకి పోతున్న కుర్రాడు ఒక్కడే ఎలా పోతాడని ఆలోచించి, నేనే వెళ్ళి జీవరత్నాన్ని బతిమాలాను. వెంటనే ఒప్పుకున్నాడు. "నేను పుస్తకంలో చదివిందేగాని, నిజంగా అలా దించేవాణ్ణి చూడలేదండి" అన్నాడు. మంచివాడే. మూడు నెలలు వాడి గురించి ఈ పుస్తకంలో రాసినవన్నీ కొట్టేద్దామనుకుని, ఉంచేశాను. చదివినప్పుడల్లా నాకు సిగ్గు రావాలి.

ఫిబ్రవరి 22

ఈ పాటికి వాడు కడ్డీ ముందు నిలబడి ఉంటాడు. నేను నందిగామలో ఉన్నాను.

స్నానమయ్యాక ఎత్తాను. ఆయన నా మెడ పట్టుకున్నారు. లాభం, రెండు. ఆయన లెక్కపెట్టడం లేదు, నేనే పెడుతున్నాను. అయిదుకి వణుకొచ్చింది. పళ్ళు బిగించాను. ఆరు. చేతులు మండిపోతున్నాయి. ఏడు ఎంతసేపున్నానో తెలియదు. ఎనిమిది. పక్క తగిలిన చప్పుడు లేదు, కేక లేదు.

చెమట తుడుచుకుంటుంటే ఆయన అన్నారు. "ఎత్తడం నీదే రైటురా. విసురుండాలి. నలభై ఏడులోనే చూశా. దించడం ఒక్కటే నేను చెప్పింది పట్టుకుంటే చాలనుకున్నా."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా గురువుగారూ?"

"నువ్వు నోరు పారేసుకున్నావు. నాకూ కోపమొచ్చింది. పదకొండేళ్ళు అదే పట్టుకుని కూర్చున్నా." మళ్ళీ ఆయనే, "ఈ కుర్రాణ్ణి చూడు. పైకి నువ్వు, కిందికి నేను" అన్నారు.

వాడి దించడంలో ఎవరి చెయ్యి ఉందా అని మూడు నెలలు వెతికాను. నా చెయ్యి కూడా వాడిలోనే ఉందని ఒక్కరోజు కూడా కనపడలేదు. ఏడుపొచ్చింది. ఆయన ఎదురుగానే ఏడ్చాను.

ఫిబ్రవరి 23

జగన్నాథం మధ్యాహ్నం బస్సుకి నేరుగా నందిగామలోనే దిగాడు, జీవరత్నంతో. రెండొందల అయిదు పౌన్లు. రెండో స్థానం. గుంటూరునుంచి వచ్చి బెజవాడలో ఉంటున్నవాడెవడో మొదటివాడు.

జీవరత్నమే చెప్పాడు. "అందరూ ఎత్తి ధడాలున కింద పడేస్తున్నారండి, హాలంతా అదిరిపోతోంది. ఈయన ఎత్తాడు, చప్పట్లు కొట్టారు. దించుతుంటే ఒక్కొక్కళ్ళే ఆపేశారు. బరువు కింద పెట్టిన చప్పుడు రాలేదు. అప్పుడు లేచి కొట్టారు."

"ఎవరి పేరు చదివారు?" అని ముసలాయన అడిగారు.

జగన్నాథం చేతులు కట్టుకుని చెప్పాడు. "నందిగామ దశరథరామయ్య గారి శిష్యుడైన జగ్గయ్యపేట రత్తయ్య గారి శిష్యుడు అని చదివారండి."

ఆయన, "నన్ను కూర్చోబెట్టండ్రా" అన్నారు. జగన్నాథం అలవాటుకొద్దీ ముందుకొచ్చాడు. ఆయన తల అడ్డంగా ఊపి నావైపు చూశారు.

వీపు కింద చెయ్యి వేసి ఎత్తాను. నా భుజానికి తల ఆనించి కూర్చున్నారు. దించమని ఆయన చాలాసేపు అనలేదు. చేతులు వణుకుతున్నా నేనూ అడగలేదు.